రెండు చేటల తవుడు

పోయిన వారం మహిమను బేతంచెర్ల స్టేషన్ బయట, సంచిలో ఒక ప్లాస్టిక్ గొట్టంతో, నాలుక చివర ఒక అబద్ధంతో వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా అక్కడే ఎండలో నిలబడి ఉందని అనుకోకండి, ఆటో దొరికింది. అది నిండేదాకా డ్రైవరు ఎలాగూ కదలడు కాబట్టి, ఈలోగా కథ ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం.

మహిమది అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలోని రాతికొట్టాల. ఊరి చివర పేటలో, నాపరాళ్ళ గనుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళ మధ్య, తల్లిని కన్న అవ్వ విశ్వాసమ్మ దగ్గర పెరిగింది. తల్లి కడపలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి చదివించింది. ఇప్పుడు మహిమకు ఇరవై ఆరేళ్ళు. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో, మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరికెవరు ఏమవుతారో వెతికే పని. శాసనాలు చూసి కాదు, ఉమ్మి చూసి. ఉమ్మిలో మన కణాలుంటాయి, కణాల్లో డీఎన్ఏ ఉంటుంది, డీఎన్ఏలో మన ముందుతరాలు మనకు చెప్పకుండా దాచిపోయినవన్నీ ఉంటాయి.

మొన్నటి వేసవిలో ఆమె తన ఊళ్ళోనూ చుట్టుపక్కలా తొంభై మంది ముసలమ్మల దగ్గర ఉమ్మి సేకరించింది. ఒక కుటుంబం నుంచి ఇద్దరు ఉండకూడదన్నది ఆ పరిశోధనకు పెట్టుకున్న నియమం. లెక్కలన్నీ కంప్యూటరులో వేశాక ఇద్దరి దగ్గర ఎర్రగీత పడింది. ఆ ఇద్దరూ ఏదో దూరపు చుట్టాలు కాదు, సొంత అక్కచెల్లెళ్ళని తేలింది. ఒకరు ఊరి పెద్దింటి సిద్దమ్మ, డెబ్బై ఎనిమిదేళ్ళు, గనుల సొంతదారు రామకృష్ణకు తల్లి. రెండోవారు ఎనభై రెండేళ్ళ విశ్వాసమ్మ, మన మహిమ అవ్వ.

ప్రొఫెసర్ అంజలి దాన్ని నమ్మలేదు. విశ్వాసమ్మ చెల్లెలెవరో ఇచ్చిన గొట్టానికి సిద్దమ్మ పేరు అంటించి ఉంటావు, వెళ్ళి సిద్దమ్మ దగ్గర మళ్ళీ తీసుకురా, మళ్ళీ అదే వస్తే నియమం ప్రకారం ఇద్దరిలో ఒకరిని తీసేద్దాం, ఎవరిని తీసేయాలో నువ్వే చెప్పు అంది. మహిమ సరేనంది. అవ్వకు చెల్లెలు లేదని మాత్రం చెప్పలేదు. ఒకతి ఉండేది, పురిట్లోనే పోయింది. పేట శ్మశానంలో జానెడు నాపరాయి కింద ఉంది. ఏటా సమాధుల పండుగకు విశ్వాసమ్మ మొదటి పూలు ఆ రాతి మీదే పెడుతుంది. చిన్నప్పుడు మహిమను చేయిపట్టి తీసుకెళ్ళి, ఈమె నీకు చిన్నవ్వ, దండం పెట్టుకో అని చెప్పేది.

అదీ సంగతి. ఆటో నిండింది.

దారికి రెండు పక్కలా రాతి పాలిషింగ్ ఫ్యాక్టరీలు. తెల్లటి పొడి చెట్ల మీద, గోడల మీద, రోడ్డు పక్క పడుకున్న కుక్క వీపు మీద సన్నగా పరుచుకొని ఉంది. నవంబరు ఒకటో తేదీ మధ్యాహ్నపు ఎండ ఆ పొడి మీద పడి, లోకమంతా సగం నిద్రలో ఉన్నట్టుంది. మహిమకు ఈ దారిలో ఒక అలవాటు. చదువుకున్నదంతా ఈ మూడు కిలోమీటర్ల మీద ఆరబోసి చూసుకుంటుంది.

తల్లి నుంచి బిడ్డకు మాత్రమే అందే డీఎన్ఏ ముక్క ఒకటుంది. ఇంట్లో పెరుగు తోడు లాంటిది అది. అమ్మ ఇస్తే కూతురికి, కూతురు ఇస్తే మనవరాలికి. కొడుకులూ ఆ పెరుగే తింటారు కానీ తోడు ముందుకివ్వరు. కొన్ని వేల ఏళ్ళకు ఒకసారి అందులో ఒక చిన్న మార్పు వస్తుంది. ఆ మార్పులు లెక్కపెడితే ఇద్దరు ఆడవాళ్ళకు ఉమ్మడి అమ్మ ఎంత వెనక ఉందో తెలుస్తుంది. మనుషులు ఈ దేశంలో అడుగుపెట్టి అరవై వేల ఏళ్ళని ఒక అంచనా. తరానికి పాతికేళ్ళు వేసుకుంటే రెండువేల నాలుగువందల మంది అమ్మలు. అంతే. వాళ్ళందరూ చేయీ చేయీ పట్టుకొని వరుసగా నిలబడితే, రాతికొట్టాల పేటలో అవ్వ గుమ్మం దగ్గర మొదలై బేతంచెర్ల స్టేషన్ దగ్గర అయిపోతుంది.

ఈ లెక్క మొదటిసారి కట్టిన రోజు మహిమకు ఏడుపొచ్చింది. అంత పెద్ద కాలం ఇంత చిన్న రోడ్డులో పడుతుందని ఎవరనుకుంటారు? అప్పటి నుంచి ఆటో ఎక్కితే వాళ్ళు కనబడతారు. స్టేషన్ దగ్గర జంతువు తోలు చుట్టుకున్న ఒక అమ్మ, సముద్రం వాసన ఇంకా పోనిది. కొంచెం ముందుకొస్తే గుహలో నిప్పు కాచుకునే అమ్మలు, ఆ తర్వాత కొర్రలు దంచే అమ్మలు, ఊరు దగ్గరపడేకొద్దీ చీరలు, చీరల మీద రాతిపొడి. మనుషుల అమ్మలూ చింపాంజీల అమ్మలూ ఒక్కరే అయ్యే చోటు దాకా వరుస పెడితే, అది స్టేషన్‌లో ఆగదు, హైదరాబాదు దాటి పోతుంది. ఆ మాట చెబితే అవ్వ నవ్వి, అంత దూరం నడిచొచ్చి కూడా మనం ఈ రాళ్ళ మధ్యనే ఆగినాం చూడు అంది.

ఈరోజు మాత్రం వరుసలో ఒక చోట మహిమ చూపు ఆగిపోయింది. అవ్వ చేతిని పట్టుకోవాల్సిన చెల్లెలు ఎవరు, జానెడు రాతి కింద ఉన్న పసిబిడ్డా, పెద్దింట్లో ఉన్న సిద్దమ్మా?

పెద్దింటి ముందర రామకృష్ణ ఫోన్లో ఎవరికో బండల సైజు చెబుతున్నాడు. మనిషి మంచివాడే. మహిమ ఇంజనీరింగు కాకుండా ఈ చదువు ఎందుకు చదివిందో అతనికి అర్థం కాలేదు కానీ, వేసవిలో ఊళ్ళో ముసలమ్మలను పోగుచేయడానికి తన కారు ఇచ్చాడు. ఫోను పెట్టేసి, "ఏం పాపా, తేలిందా? మా వంశం రాజుల కాలం నాటిదేనా?" అని అడిగాడు. రాజైనా, రాళ్ళు కొట్టేవాడైనా అందరి వంశమూ ఒకే వయసుదని మహిమ చెప్పింది. అతను పెద్దగా నవ్వి, ఈ సైన్సు మనకు గిట్టుబాటు కాదులే అన్నాడు. లెక్కలు నిజమైతే ఈయన తనకు మామ వరస. 

సిద్దమ్మ అరుగు మీద కూర్చొని ఆకువక్క నములుతోంది. సన్నటి మనిషి, పచ్చటి ఛాయ, కుడి ముక్కుకు చిన్న పుడక. మహిమ వారం నుంచి వల్లెవేసుకున్న అబద్ధాన్ని ఒప్పజెప్పింది. అమ్మా, పోయినసారి తీసింది దారిలో ఎండకు చెడిపోయింది, మళ్ళీ ఒకసారి ఇవ్వాలి. సిద్దమ్మ తల ఊపింది. నోట్లో ఆకువక్క ఉంటే పనికిరాదు, పుక్కిలించి అరగంట ఆగాలి. అది పనిలో మొదటి నియమం. సిద్దమ్మ లేచి నోరు కడుక్కొని వచ్చి కూర్చుంది. కొడుకును ఫ్యాక్టరీలో పని చూసుకొని రమ్మని పంపేసింది. మహిమ ఫోన్లో అరగంటకు అలారం పెట్టి, అరుగు కింద మెట్టు మీద కూర్చుంది. పేటవాళ్ళు కూర్చునేది అక్కడే. ఇన్ని డిగ్రీలు వచ్చినా కాళ్ళు వాటంతట అవే అక్కడ ఆగాయి.

అరుగు పక్కన గుమ్మడి పాదు మీద తేనెటీగలు తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంట్లో చప్పుడు లేదు.

"పాపా," అంది సిద్దమ్మ, "అబద్ధం చెప్పేటప్పుడు మీయవ్వ గూడా ఇట్లే కాలి బొటనేలు చూసుకుంటాది. మొదటిది చెడిపోలే గదా?"

మహిమకు ఇంక దాచే ఓపిక లేకపోయింది. చెడిపోలేదని ఒప్పుకుంది. సరే, ఏం తేలిందో చెప్పమంది సిద్దమ్మ. ఇక్కడ మహిమ ఒక గడుసు పని చేసింది. చదువుకున్నవాళ్ళు ఇరుకున పడితే చేసే పనే. నిజంలో సగం మాత్రం చెప్పింది. మీ తల్లి వరుసా మా అవ్వ తల్లి వరుసా ఒకటేనమ్మా, ఎక్కడో వెనక ఇద్దరికీ అమ్మ ఒక్కతే, అది వెయ్యేళ్ళ కిందట కావచ్చు, రెండువేల ఏళ్ళ కిందట కావచ్చు, ఇలాంటివి చాలామందికి కలుస్తాయి అని.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తల్లి వరుస ఒక్కటే చూస్తే ఎవరైనా అంతే చెప్పగలరు.

సిద్దమ్మ ఓపిగ్గా విని, పమిట కొంగుతో పెదవులు తుడుచుకుంది. "వెయ్యేండ్లు వద్దు పాపా. నా డెబ్బై ఎనిమిదేండ్ల సంగతి చెప్పు."

అప్పుడు మహిమకు వేసవి రోజు గుర్తొచ్చింది. ఆ రోజు విశ్వాసమ్మకు కబురు పెట్టి ఈ వాకిట్లోకి పిలిపించింది సిద్దమ్మే. ముందు విశ్వాసమ్మను ఇయ్యనీ, తర్వాత నేనిస్తా అన్నదీ ఆమే. అప్పుడు మహిమ దాన్ని పెద్దామె భయం అనుకుంది. ఉమ్మి ఇచ్చేముందు వేలిముద్ర వేయించే ఒప్పుకోలు కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది, మీకు తెలియని బంధుత్వం ఏదైనా బయటపడితే మీకు చెప్పాలా వద్దా అని. సిద్దమ్మ చెప్పాలన్న చోట మాటా పలుకూ లేకుండా వేలిముద్ర వేసింది. విశ్వాసమ్మ మాత్రం, నాకు తెలియని చుట్టం ఎవురుండారు లే, చెప్పు చెప్పు అని నవ్వుతూ వేసింది.

చెప్పక తప్పలేదు. తల్లి వరుస ఒక్కటే కాదు, తల్లీ తండ్రీ ఇద్దరూ ఇచ్చిన డీఎన్ఏ మొత్తం పోల్చి చూశామని, అందులో సగం ఇద్దరికీ ఒకటేనని చెప్పింది. సగం ఒక్కటే ఉంటే తల్లీకూతుళ్ళయినా కావచ్చు. కానీ ఇక్కడ పావు వంతు చోట్ల, తల్లి ఇచ్చిందీ తండ్రి ఇచ్చిందీ రెండూ కలిశాయి.

"ఒక అమ్మకు, ఒక నాయనకు పుట్టినోళ్ళకే అట్ల ఉంటాదమ్మా," అంది మహిమ. 

సిద్దమ్మ కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. మహిమ భయపడి లేవబోతే, చెయ్యి చాపి కూర్చోమంది. తర్వాత ఆ పెద్దామె, కళ్ళు మూసుకొనే, ఎవరికో కల చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

సిద్దమ్మను పెంచిన తల్లి ఓబుళమ్మకు నలుగురు పుట్టి, నలుగురూ నెల తిరక్కుండానే పోయారు. ఐదోసారి ఆడపిల్ల. బిడ్డలు నిలవని ఇంట్లో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పుట్టిన బిడ్డను చేటలో పెట్టి తిప్ప మీద, అంటే ఊరి చెత్త పోసే దిబ్బ మీద, వదిలేసి వస్తారు. బిడ్డలు నిలిచిన ఇంకో తల్లి అటుగా వచ్చి, దొరికిన బిడ్డలా ఎత్తుకొని పోతుంది. తొమ్మిది రోజులు తన ఇంట్లో ఉంచుకొని పాలిస్తుంది. పదోరోజు కన్నతల్లి ఒక చేట తవుడు పోసి బిడ్డను కొనుక్కుంటుంది. ఈ బిడ్డ ఎవరిదో చావుకు కూడా తెలియకుండా చేసే ఏర్పాటు అది. అలా కొన్న బిడ్డకు తిప్పమ్మ అనో తిప్పయ్య అనో ముద్దుపేరు పెట్టి, ముక్కు కుట్టిస్తారు.

ఎత్తుకుపోవడానికి పేటలోని మరియమ్మను పిలిచారు. మరియమ్మకు నాలుగేళ్ళ విశ్వాసమ్మ ఉంది, పన్నెండు రోజుల పసిబిడ్డ ఉంది, ఇద్దరికి సరిపోయే పాలున్నాయి. ఓబుళమ్మ మూడురోజుల బిడ్డను పెద్దింటివాళ్ళు చేటలో పెట్టి తిప్ప మీద వదిలితే మరియమ్మ ఎత్తుకుపోయింది. ఆ తొమ్మిది రోజులు అంటు అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. పాలకు లేని అంటు తర్వాత నీళ్ళకు ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు.

పదోరోజు మరియమ్మ చేట తెచ్చింది. ఓబుళమ్మ చేట అందుకుంది. అందుకోగానే ఆమెకు తెలిసిపోయింది. నలుగురిని ఎత్తుకొని నలుగురినీ పోగొట్టుకున్న చేతులవి, బరువు తెలియకుండా ఎలా ఉంటుంది? మూడురోజుల బిడ్డ తొమ్మిది రోజుల్లో అంత బరువు కాదు. గుడ్డ తొలగించి చూడకుండానే మరియమ్మ వైపు చూసింది. మరియమ్మ తలెత్తలేదు. ఏడో రోజు పేటలో ఒక పసిబిడ్డను మన్ను చేశారన్న సంగతి ఓబుళమ్మ చెవిన అప్పటికే పడింది. ఆ బిడ్డ ఎవరి బిడ్డో ఇప్పుడు అర్థమైంది.

మరియమ్మ తన బిడ్డను భయపడి ఇచ్చిందో, అయిదో బిడ్డ కూడా పోయిందని చెప్పడానికి నోరు రాక ఇచ్చిందో, ఓబుళమ్మ ఎన్నడూ అడగలేదు. ఒక చేట తవుడు పోసింది. అది పద్ధతి. తర్వాత లోపలికి పోయి, ఇంకో చేట తెచ్చి పోసింది. చూస్తున్నవాళ్ళు సంతోషం పట్టలేక పోసిందనుకున్నారు.

"మాయమ్మ పోయే ముందర నన్ను దగ్గరికి పిల్చి చెప్పింది," అంది సిద్దమ్మ. "రెండో చేట యాలకు పోసినానో ఇన్నేండ్లలో ఎవురూ అడగలేదు తిప్పీ, అనింది. నువ్వు అడుగు, అనింది. నేనడిగితే చెప్పింది."

ఓబుళమ్మకు ఆ తర్వాత బిడ్డలు లేరు. తిప్పీ అని పిలుచుకున్న ఆ ఒక్క కూతురికి ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చి, ఈ ఇంట్లోనే ఉంచుకుంది. అందుకే సిద్దమ్మ ఊరు దాటి పోలేదు. పుట్టిన గుడిసెకూ పెరిగిన మేడకూ మధ్య నాలుగువందల అడుగులు. ఆమె బతుకంతా ఆ నాలుగువందల అడుగుల ఇవతలే గడిచింది.

మహిమ వింటూ ఉంది. వింటూ ఉంటే మొదట గుండె నీరయింది. ఓబుళమ్మ మీద జాలి, మరియమ్మ మీద జాలి, కళ్ళ ముందున్న ఈ ముసలామె మీద జాలి. తర్వాత ఎక్కడో ఒక లెక్క తగిలింది. లెక్కలు ఆమెను వదలవు కదా. ఓబుళమ్మ పోయి ఎన్నేళ్ళయిందని అడిగింది. ముప్పై ఏళ్ళని చెప్పింది సిద్దమ్మ.

ముప్పై. మహిమ ఏడేళ్ళ వయసులో, అంటే పంతొమ్మిదేళ్ళ కిందట, ఒక ఎండాకాలం అవ్వతో ఈ వాకిట్లోకి వచ్చింది. అవ్వ గని నుంచి నేరుగా వచ్చింది, పెదవులు పగిలి ఉన్నాయి. నీళ్ళు అడిగితే సిద్దమ్మ ఇదే అరుగు మీద నిలబడి, చెంబు పైకెత్తి, అవ్వ దోసిట్లోకి పోసింది. సగం నీళ్ళు మోచేతుల మీదుగా జారి మహిమ గౌను తడిపాయి. చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం బాగుందని నవ్వుకుంది కూడా, ఏం తెలియని పిల్ల.

ఆమె మెట్టు మీంచి లేచి నిలబడింది.

"నేను ఏడేండ్లప్పుడు మీరు మాయవ్వకు నీళ్ళు పోసినారు. పైనించి, దోసిట్లోకి. అప్పటికే మీకు తెలుసు."

సిద్దమ్మ కళ్ళు తెరిచింది. తప్పించుకోవడానికి ఎన్ని దారులున్నాయి! గుర్తులేదనవచ్చు, అప్పటి కాలం అట్లాంటిదనవచ్చు, అందరూ అలాగే పోసేవాళ్ళనవచ్చు. అందులో ఏది అన్నా మహిమ నిజానికి ఊరుకునేదే.

"తెలుసు," అంది సిద్దమ్మ. "చెంబు ఎత్తినప్పుడల్లా తెలుసు."

 తేనెటీగలు గుమ్మడి పువ్వులోకి దూరి బయటికొస్తున్నాయి. మహిమకు ఒళ్ళంతా మండిపోతోంది. ఇంతకాలం అవ్వ జానెడు రాయి దగ్గర కూర్చొని, చెల్లెలుంటే ఎట్లుండేదో అని మనవరాలికి చెప్పుకుంటూ ఉంటే, ఆ చెల్లెలు నాలుగువందల అడుగుల దూరంలో ఆకువక్క నములుతూ కూర్చుంది. ఎందుకని అడిగింది. ఆ ఒక్క మాటే అడగగలిగింది.

"భయం పాపా," అంది సిద్దమ్మ. "ఆస్తి పోతాదని గాదు. అది ఎప్పుడో రామకృష్ణ పేరు మీద పెట్టేసినా. వానికి ఈ సంగతి తెల్దు, తెలిస్తే ఏమంటాడో గూడా తెల్దు. నాకుండే భయం వేరే. ఈ అరుగు మీద తప్ప ఇంగ యాడ కూర్చోవాల్నో నాకు తెల్దు. దిగితే నేను ఎవురో నాకే తెల్దు. నువ్వు ఊరూరా తిరిగి ఉమ్మి పోగేస్తాండావని విన్నప్పుడు, నా నోటితో చెప్పలేంది నా ఉమ్మి చెప్తాదేమోనని ఇచ్చినా."

మహిమకు కోపం పోలేదు. కానీ కోపంతో పాటు కూర్చోవడం కూడా సాధ్యమేనని అప్పుడు తెలిసింది, మళ్ళీ మెట్టు మీద కూర్చుంది. పరిశోధన నియమం గురించి కూడా చెప్పేసింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళుంటే లెక్క తప్పుతుందమ్మా, ఒకే ఇంటి గొంతు రెండుసార్లు వినబడుతుంది, అందుకని ఇద్దరిలో ఒకరిని తీసేయాలి, ఎవరిని తీసేయాలో నన్నే చెప్పమన్నారు అంది.

సిద్దమ్మ మొదటిసారి నవ్వింది. పై పన్ను ఒకటి లేదు, అచ్చం అవ్వకు లేని చోటే.

"మీయవ్వను మేము శానాసార్లు తీసేసినాం పాపా. ఈసారి నన్ను తీసేయ్."

అలారం మోగింది.

మహిమ గొట్టం మూత తీసి ఇచ్చింది. సిద్దమ్మ తల వంచి, గీత దాకా నిండే వరకు, చిన్నపిల్ల పలక దిద్దేటంత శ్రద్ధగా ఉమ్మింది. మధ్యలో ఆగి, ఇదంతా మా అమ్మదేనా అని అడిగింది. అమ్మదీ నాన్నదీ అని మహిమ చెప్పింది. ఏ అమ్మ అని మాత్రం సిద్దమ్మ అడగలేదు, మహిమ చెప్పలేదు. మూత బిగించి, పేరు రాసి, రాసిన పేరును రెండుసార్లు సరిచూసుకుంది.

రామకృష్ణ తిరిగి వచ్చేసరికి తల్లి కొత్త చీర కట్టుకొని వాకిట్లో నిలబడి ఉంది. పేట శ్మశానానికి కారు తీయమంది. అతనికి ఏమీ అర్థం కాలేదు. అక్కడ ఏం పని అని అడిగాడు. రేపు వాళ్ళ సమాధుల పండుగ కదా, ఈరోజు రాళ్ళు కడుగుతారు, చూడాలని ఉంది అంది. మహిమ వైపు అనుమానంగా చూసి, వాదించే అలవాటు లేని కొడుకు కాబట్టి కారు తీశాడు.

శ్మశానం పాత గని అంచున ఉంది. పొద్దు వాలుతోంది. గనిలో కోసిన రాతి మెట్లు ఒకదాని కింద ఒకటి నీలంగా, బూడిదగా దిగిపోతున్నాయి, కింద నిలిచిన వాననీళ్ళలో ఆకాశం కదలకుండా ఉంది. పేట ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి సమాధులు కడిగి, సున్నం వేసి, ఒక్కొక్కరే ఇళ్ళకు పోతున్నారు. తడిసిన నాపరాళ్ళ మీద ఎండ పడి, నేల కిందనుంచి వెలుగొస్తున్నట్టుంది. అటు పక్కన, జానెడు రాయి దగ్గర, విశ్వాసమ్మ ఒక్కతే గొంతుక్కూర్చొని ఉంది. ఒళ్ళో బంతిపూలు.

రామకృష్ణను కారు దగ్గరే ఉండమని చెప్పి సిద్దమ్మ దిగింది. చేతికర్ర కార్లోనే మర్చిపోయింది. మహిమ భుజం పట్టుకొని నడిచింది. ఎంత తేలికైన చెయ్యి! అడుగు అడుగుకూ మహిమకు ఆ వరుస మళ్ళీ కనబడుతోంది. స్టేషన్ నుంచి, దారి పొడుగునా, తెల్లపొడి కప్పుకొని రెండువేల నాలుగువందల మంది అమ్మలు, చేయీ చేయీ పట్టుకొని ఇటే చూస్తున్నారు. చివర మరియమ్మ. ఆమె చేతిని అవ్వ ఒక చేత్తో పట్టుకొని ఉంది. అవ్వ రెండో చెయ్యి ఇన్నాళ్ళూ గాలిలోనే ఉంది.

అలికిడికి విశ్వాసమ్మ తలెత్తి చూసి, గాభరాగా లేవబోయింది. పెద్దింటి మనిషి వస్తే లేవడం ఎనభై ఏళ్ళ అలవాటు, మోకాళ్ళు సహకరించకపోయినా వాటికి తెలుసు. "అమ్మా, మీరేంది ఈడికి..." అంటూ కొంగు భుజం మీదికి లాక్కుంది.

సిద్దమ్మ మహిమ భుజం వదిలేసింది. ఏ ఆసరా లేకుండా రెండడుగులు నడిచి, తడి నేల మీద, ఆ చిన్న రాతికి ఇవతల, కొత్త చీరతోనే కూర్చుండిపోయింది. అరుగు మీద తప్ప ఇంకెక్కడా కూర్చోని మనిషి.

"అక్కా," అంది.

విశ్వాసమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరిని పిలుస్తోందో అని. వెనక ఎవరూ లేరు, గని అంచు ఉంది, దాని అవతల ఆకాశం ఉంది. మళ్ళీ ఇటు తిరిగి సిద్దమ్మ ముఖంలోకి, ఆ తర్వాత మనవరాలి ముఖంలోకి చూసింది.  మహిమ తల ఊపింది, ఒకే ఒక్కసారి. వేసవిలో కాగితం మీద వేలిముద్ర వేస్తూ నవ్విన నవ్వు అవ్వకు గుర్తొచ్చిందని ఆమె కళ్ళు చూస్తే తెలిసింది.

తల్లి మర్చిపోయిన చేతికర్ర పట్టుకొని రామకృష్ణ అప్పటికే వెనకాలే వచ్చాడు. రెండు బారల దూరంలో, అక్కా అన్న మాట చెవిన పడి, అక్కడే ఆగిపోయాడు.

విశ్వాసమ్మ ఒళ్ళో పూలు తీసి పక్కన పెట్టింది. అరచెయ్యి ఆ జానెడు రాతి మీద ఆనించింది, కింద పడుకున్న పసిబిడ్డ లేస్తుందేమోనన్నట్టు మెల్లగా.

"అట్లయితే," అంది, "ఇన్నేండ్లూ నేను పూలు పెడ్తాండేది ఎవురికి?"

సిద్దమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. అయితే ఆమె చూస్తున్నది అక్క వైపు కాదు, కర్ర పట్టుకొని నిలబడ్డ కొడుకు వైపు.